వరద క్యాంపులో నర్సు డ్యూటీ: ఆర్డరు చేతికొచ్చిన రోజు నుంచి ఇంటికి తిరిగొచ్చేదాకా

వరద డ్యూటీకి మొదటిసారి బయల్దేరే నర్సుని "బ్యాగులో ఏం సర్దుకున్నావమ్మా?" అని అడిగితే దాదాపు అందరూ ఒకటే చెబుతారు: గాజుగుడ్డ, కుట్లు వేసే సెట్టు, సెలైన్లు. నేనూ మొదటిసారి అలాగే వెళ్లాను. గోదావరి లంకలో ఒక ఎలిమెంటరీ స్కూల్లో పెట్టిన క్యాంపు. మొదటి రోజు ఓపీలో కుట్లు పడాల్సిన గాయాలు రెండే. మిగతా వరుసంతా షుగర్ మాత్రలు నీళ్లలో కొట్టుకుపోయినవాళ్లు, నాలుగు రోజులుగా బీపీ మాత్ర వేసుకోనివాళ్లు, కాళ్లు నాని వేళ్ల సందుల్లో పుండ్లు పడినవాళ్లు, విరేచనాలతో వాడిపోయిన పిల్లలు. నేను తీసుకెళ్లిన గ్లూకోమీటర్ స్ట్రిప్పులు మధ్యాహ్నానికే అయిపోయాయి. కుట్లు వేసే సెట్టు మాత్రం సగం విప్పకుండానే వెనక్కి వచ్చింది.

అందుకే ఈ మార్గదర్శిలో హెలికాప్టర్లు, స్ట్రెచర్ల కంటే నీళ్ల గురించి, మాత్రల గురించి, రిజిస్టర్ల గురించి ఎక్కువ రాస్తున్నాను. తుపాను, వరద ప్రాంతాల్లో రిజిస్టర్డ్ నర్సుగా పనిచేయబోయే జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా), బీఎస్సీ నర్సింగ్ పిల్లలను దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది.

మొదటి అడుగు: ఎవరి తరఫున వెళ్తున్నారో తేల్చుకోండి

మనసు ఆగక సొంతంగా బయల్దేరొద్దు. తిండి, నీళ్లు, పడక దొరకని చోటికి ఎవరి లెక్కలోనూ లేని మనిషి వెళ్తే, బాధితులకు అందాల్సిన భోజనం పొట్లంలో ఒకటి మనకు పోతుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉన్నవాళ్లకు జిల్లా వైద్యాధికారి కార్యాలయం నుంచి డిప్యుటేషన్ ఆర్డరు వస్తుంది. ప్రైవేటులో ఉన్నవాళ్లు ముందుగానే, అంటే ఎండాకాలంలోనే, జిల్లా రెడ్‌క్రాస్ శాఖలో వలంటీరుగా పేరు రాయించుకోండి. విపత్తుల్లో వైద్య బృందాలను పంపే స్వచ్ఛంద సంస్థలూ ఉన్నాయి. వాటిలోనూ ముందే నమోదై ఉండాలి. నీళ్లొచ్చాక ఫోన్ చేస్తే ఎత్తి మాట్లాడే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు.

రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ గడువు చూసుకోండి. రెన్యువల్ కాకపోతే ఆ పని ఇవాళే మొదలుపెట్టండి. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, ఆధార్, మీ బ్లడ్ గ్రూపు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబర్లు రెండేసి కాపీలు తీసి, జిప్ కవరులో పెట్టి ఒకటి ఒంటిమీద, ఒకటి బ్యాగులో ఉంచుకోండి. నంబర్లు కాగితం మీదే రాయండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. ఫోనులో దాచుకున్న నంబరు ఫోను చచ్చిపోతే ఎందుకూ పనికిరాదు.

విదేశాలకు వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లకు ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర వైద్య బృందాలను స్థాయులుగా విభజించింది. ఒకటో స్థాయిలో తిరిగే బృందం రోజుకు కనీసం 50 మందిని, ఒకచోట ఉండే బృందం 100 మందిని ఓపీలో చూడగలగాలి. రెండో స్థాయికి ఆపరేషన్లు, కనీసం 20 ఇన్‌పేషెంట్ పడకలు తోడవుతాయి. 2023 ఫిబ్రవరి తుర్కియే భూకంపానికి మన సైన్యం '60 పారా ఫీల్డ్ హాస్పిటల్' అనే తన వైద్య బృందాన్ని పంపింది. హతాయ్ ప్రాంతంలోని ఇస్కెందెరున్‌లో 30 పడకలతో అది పనిచేసింది. అలాంటి బృందంలో చేరాలంటే ముందు క్యాజువాలిటీ, ఐసీయూ, లేబర్ రూముల్లో గట్టి అనుభవం కావాలి. కొత్తగా పాసైనవాళ్లు సొంత జిల్లా క్యాంపులతో మొదలుపెట్టడమే మంచిది.

రెండో అడుగు: చేయి తిరగాల్సిన పనులు

బీఎల్ఎస్ (ఆగిన గుండెను, ఊపిరిని నిలబెట్టే ప్రాథమిక శిక్షణ) సర్టిఫికెట్ సరే. దానితోపాటు మూడు పనులు చీకట్లో కూడా చేయగలగాలి: టార్చి వెలుగులో పసిబిడ్డకు పసుపు కాన్యులా (సెలైన్ ఎక్కించే సన్న సూదిగొట్టం) వేయడం, డ్రిప్ చుక్కలు గడియారం చూసి లెక్కగట్టడం, మెషీన్ లేకుండా చేత్తో బీపీ చూడటం. డిజిటల్ బీపీ మెషీన్‌కే అలవాటుపడ్డ చెవులు స్టెతస్కోపు శబ్దాన్ని మరిచిపోతాయి. వార్డులో తీరిక దొరికినప్పుడల్లా పాత పద్ధతిలో చూడటం మళ్లీ అలవాటు చేసుకోండి.

మీ టీకాల సంగతి కూడా చూసుకోవాలి. టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి టీకా), హెపటైటిస్ బి, టైఫాయిడ్ పూర్తయ్యాయా? వరద నీళ్లలో దిగే డ్యూటీ అయితే లెప్టోస్పైరోసిస్ (ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల వచ్చే జ్వరం) రాకుండా డాక్సీసైక్లిన్ వేసుకోవాలా వద్దా అని బయల్దేరేముందు డాక్టరుని అడగండి. వారానికోసారి 200 మి.గ్రా. ఇవ్వడం వాడుకలో ఉంది. గర్భిణులైతే ఆ మాత్ర జోలికి వెళ్లకూడదు. అసలు గర్భంతో ఉన్నప్పుడు వరద డ్యూటీ ఒప్పుకోవద్దు, ఎవరు మొహమాటపెట్టినా సరే.

మూడో అడుగు: బ్యాగు

మూడు రోజులు ఎవరినీ ఏమీ అడగకుండా బతకగలిగేలా సర్దుకోండి. అటుకులు, వేరుశనగ ఉండలు, బిస్కెట్లు, ఖర్జూరం, తాగే నీళ్లు, క్లోరిన్ మాత్రలు. మోకాలి దాకా వచ్చే గమ్‌బూట్లు, రెండు జతల కాటన్ సాక్సులు, రెయిన్‌కోటు, దోమల కాయిల్స్ కంటే ముఖ్యంగా దోమతెర. చీర కాకుండా సల్వారో ప్యాంటో వేసుకోండి, పడవ ఎక్కి దిగాలి. తలకు తగిలించుకునే లైటు, పవర్ బ్యాంకు, ఈల. నెలసరి తేదీ కాకపోయినా ప్యాడ్లు పెట్టుకోండి. మీకు అవసరం పడకపోతే క్యాంపులో ఆడపిల్లలు అడుగుతారు, అదీ చెవిలో గుసగుసగా.

వృత్తి సామాను: స్టెతస్కోపు, చేత్తో కొట్టే బీపీ ఆపరేటస్, పల్స్ ఆక్సీమీటర్, గ్లూకోమీటర్, మీరు అనుకున్నదానికి మూడింతలు స్ట్రిప్పులు, థర్మామీటర్, పిల్లల జబ్బ కొలిచే టేపు, కత్తెర, పర్మనెంట్ మార్కరు, కార్బన్ పేపర్లు, పెన్సిళ్లు. తడిసిన కాగితం మీద పెన్ను రాయదు, పెన్సిల్ రాస్తుంది.

నాలుగో అడుగు: చేరిన మొదటి రెండు గంటలు

దిగగానే మందుల పెట్టె విప్పకండి. ముందు అక్కడి ఏఎన్ఎంని, ఆశా అక్కని కలవండి. ఏ ఇంట్లో గర్భిణి ఉంది, ఎవరు టీబీ మందులు వాడుతున్నారు, ఎవరికి డయాలసిస్ జరుగుతోంది అన్నది కలెక్టరేట్ కాగితాల్లో కంటే ఆశా అక్క నోటి లెక్కలో బాగా తెలుస్తుంది. ఆవిడ కూడా వరద బాధితురాలే అని మరిచిపోవద్దు. నేను కలిసిన ఒక ఆశా అక్క ఇల్లు కిటికీల దాకా మునిగి ఉంది. తడి చీరతోనే నిలబడి, ఊళ్లో నెలలు నిండిన ఐదుగురి పేర్లూ వేళ్లమీద లెక్కపెట్టి చెప్పింది.

తర్వాత నాలుగు విషయాలు కనుక్కొని గోడమీద పెద్ద అక్షరాలతో రాయండి: తాగునీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, దగ్గర్లో పనిచేస్తున్న ఆసుపత్రి ఏది, అక్కడికి దారి పడవా ట్రాక్టరా, చీకటి పడ్డాక ఆ పడవ నడుస్తుందా. నాలుగో జవాబు "నడవదు" అయితే సాయంత్రం 4 గంటలకల్లా అనుమానం ఉన్న కేసులన్నీ పంపించేయాలి. రాత్రి 11 గంటలకు పరిస్థితి విషమిస్తే మన చేతుల్లో ఏమీ ఉండదు.

ఓపీ పెట్టే గదికి రెండు వాకిళ్లు ఉండాలి, ఒకవైపు నుంచి వచ్చి మరోవైపు పోయేలా. విరేచనాల కేసులకు వేరే గది, దానికి దగ్గర్లో వేరే మరుగుదొడ్డి. స్కూలు బెంచీలు రెండు కలిపితే పడక, కిటికీ చువ్వకు తాడు కడితే సెలైన్ స్టాండు.

ఐదో అడుగు: ఒక్కసారిగా జనం వచ్చి పడితే

పడవ బోల్తా, గోడ కూలడం, రైలు ప్రమాదం లాంటివి జరిగితే చికిత్స కంటే ముందు వర్గీకరణ, అంటే ఎవరిని ముందు చూడాలో రంగులతో గుర్తుపెట్టడం: ఎరుపు వెంటనే, పసుపు కాస్త ఆగొచ్చు, ఆకుపచ్చ చివర్లో, నలుపు ప్రాణం దక్కనివాళ్లు. నడవగలిగినవాళ్లను ఒక పక్కకు రమ్మనండి, వాళ్లు ఆకుపచ్చ. మిగతావాళ్ల దగ్గర మనిషికి నిమిషం మించకూడదు. ఊపిరి లేకపోతే గొంతు దారి సరిచేసి చూడాలి. అప్పటికీ రాకపోతే నలుపు, వస్తే ఎరుపు. శ్వాస నిమిషానికి 30 దాటితే ఎరుపు. గోరు నొక్కి వదిలాక రంగు తిరిగి రావడానికి 2 సెకన్లు దాటినా, చెప్పిన చిన్న పని చేయలేకపోయినా ఎరుపే. ఇవేవీ కాకపోతే పసుపు. అరుస్తున్న మనిషి దగ్గరికి కాళ్లు వాటంతటవే పరుగెడతాయి. ఆగండి, అరవలేని మనిషి దగ్గరికి ముందు వెళ్లాలి.

ఆరో అడుగు: అసలు ఓపీ

విరేచనాలు. ఓఆర్ఎస్ ప్యాకెట్టు చేతిలో పెట్టి పంపేస్తే పని అయినట్టు కాదు. పెద్ద ప్యాకెట్టు సరిగ్గా ఒక లీటరు నీళ్లకు. గ్లాసులో కాస్త పొడి, కాస్త నీళ్లు పోసి కలిపితే ఉప్పు ఎక్కువై బిడ్డకు ప్రమాదం. లీటరు నీళ్ల సీసా ఒకటి దగ్గర పెట్టుకుని, తల్లి చేతే కలిపించి, ఆమె ముందు మీరు ఒక గుక్క తాగి చూపించండి. కలిపింది 24 గంటల్లో వాడాలి, మిగిలితే పారబోయాలి. కాస్త నీరసపడ్డ బిడ్డకు కిలో బరువుకు 75 మి.లీ. చొప్పున 4 గంటల్లో తాగించాలి. 12 కిలోల బిడ్డకు 900 మి.లీ. అన్నమాట. చెంచాతో, ఓపికగా. వాంతి చేసుకుంటే 10 నిమిషాలు ఆగి మళ్లీ మెల్లగా. 6 నెలలు దాటిన పిల్లలకు జింకు రోజుకు 20 మి.గ్రా. 14 రోజులు. తల్లిపాలు ఆపకూడదు.

కళ్లు పీక్కుపోయి, పొట్టమీద చర్మం లాగి వదిలితే మెల్లగా వెనక్కి పోతూ, తాగలేని స్థితిలో ఉన్న బిడ్డకు ఆర్ఎల్ (రింగర్ లాక్టేట్ సెలైన్) ఎక్కించాలి: కిలోకు 100 మి.లీ. ఏడాది దాటిన బిడ్డకు అందులో 30 మొదటి అరగంటలో, 70 తర్వాతి రెండున్నర గంటల్లో. ఏడాదిలోపు బిడ్డకు మొదటిది గంటలో, రెండోది 5 గంటల్లో. ఈ లెక్కను అట్టముక్క మీద రాసి గోడకు అంటించండి. 16 గంటల డ్యూటీ తర్వాత ఎంత తెలివైన బుర్రకైనా గుణకారం తప్పుతుంది.

నీళ్లు కూడా నర్సు పనే. ట్యాంకరు వచ్చినప్పుడు క్లోరోస్కోపుతో (నీళ్లలో క్లోరిన్ ఎంతుందో చూపే చిన్న పరికరం) మీరే పరీక్షించండి, "వేశామమ్మా" అన్న మాట మీద వదిలేయకండి. క్లోరిన్ కలిపి అరగంట ఆగాక లీటరుకు కనీసం 0.2 నుంచి 0.5 మి.గ్రా. మిగిలి ఉండాలి. బురద నీళ్లయితే ముందు నాలుగు మడతల బట్టలో వడకట్టాలి. బురదే క్లోరిన్‌ను మింగేస్తుంది. క్లోరిన్ మాత్రలు రకరకాల శక్తితో వస్తాయి. బిందెకు ఎన్ని అన్నది ప్యాకెట్టు మీద చదివే చెప్పండి.

ఇక మాత్రలు పోగొట్టుకున్న పెద్దవాళ్లు. నా దృష్టిలో క్యాంపు నర్సు చేసే అతి విలువైన పని ఇక్కడే ఉంది. ఒక సాయంత్రం పడవలో దిగిన ఒక పెద్దావిడ నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి కొంగు ముడి విప్పింది. అందులో నానిన మాత్రల రేకు, అక్షరాలు చెరిగిపోయి ఉంది.

"పెద్దమ్మా, ఇది దేనికేసుకుంటావు?"

"ఏమోనమ్మా, పొద్దున తెల్లది, రాత్రి పచ్చది. మా కోడలే ఇత్తది. కోడలు గట్టు మీదుండిపోయింది."

షుగర్ చూస్తే 412, బీపీ 190 మీద 110. మెడికల్ ఆఫీసరు వచ్చి మందులు మొదలుపెట్టారు. ఇలాంటప్పుడు రంగు, ఆకారం చూసి ఊహించి మాత్ర ఇచ్చేయకూడదు. మీ ఫార్మసిస్టుతో మాట్లాడి బీపీ, షుగర్, మూర్ఛ, థైరాయిడ్, ఆస్తమా మందుల్లో మీ దగ్గరున్నవాటి నమూనాలు ఒక అట్టకు అంటించి పెట్టుకోండి. "ఇదేనా పెద్దయ్యా?" అని చూపించి, దాంతో మాట మొదలుపెట్టి, రీడింగులు చూపి డాక్టరుతో ఖరారు చేయించాలి. మూర్ఛ మందు, టీబీ మందు, హెచ్ఐవీ మందు వాడేవాళ్లు వరుసలో నిలబడి గట్టిగా చెప్పరు. వాళ్లకోసం ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి మెల్లగా అడగాలి: "మధ్యలో ఆపకూడని మందులేమైనా ఉన్నాయా?"

ఇన్సులిన్ వాడేవాళ్లకు ఫ్రిజ్ లేదన్న భయం ఉంటుంది. వాడుకలో ఉన్న సీసా ఎండ తగలని చల్లటి చోట సుమారు 4 వారాలు బాగానే ఉంటుంది. తడి ఇసుక పోసిన మట్టికుండలో, ప్లాస్టిక్ కవరులో చుట్టి పెట్టుకోమనండి. నేరుగా ఐసు మీద పెడితే గడ్డకట్టి పాడవుతుంది. ఆక్సిటోసిన్‌కు (కాన్పు తర్వాత రక్తస్రావం ఆపే ఇంజెక్షన్) మాత్రం చల్లదనం తప్పనిసరి. దాని కోసం టీకాల క్యారియర్ ఒకటి అడిగి తెచ్చుకోండి.

గాయాలు. వరద నీళ్లలో తెగిన గాయాన్ని వెంటనే కుట్టేయాలన్న తొందర వద్దు. లోపల బురద ఉండగా మూస్తే చీము పడుతుంది. శుభ్రమైన నీళ్లతో బాగా కడిగి, చచ్చిన కండ తీయించి, డ్రెస్సింగ్ చేసి, టీడీ ఇచ్చి, 3 నుంచి 5 రోజుల తర్వాత డాక్టరు చూసి కుట్లు వేస్తారు. నానిన పాదాలకు కడగడం, ఆరబెట్టడం, రాత్రి పొడిగా ఉంచడమే సగం మందు.

పాముకాటు. నీళ్లు ముంచెత్తితే పాములూ గట్టుమీదికే వస్తాయి. కరిచిన కాలు కదలకుండా బద్ద కట్టండి. గాటు పెట్టడం, తాడు బిగించడం వద్దు. రక్తం గడ్డకడుతోందో లేదో చూసే 20 నిమిషాల పరీక్షకు కొత్త, శుభ్రమైన, పొడి గాజు గొట్టం కావాలి. ప్లాస్టిక్ సిరంజిలో వదిలేస్తే ఫలితం తప్పుతుంది. 2 మి.లీ. రక్తం పోసి కదపకుండా ఉంచి, 20 నిమిషాలకు ఒంచి చూడాలి. విరుగుడు మందు విషం ఎక్కిన లక్షణాలు ఉంటేనే డాక్టరు ఆదేశంతో, పక్కన అడ్రినలిన్ (మందు పడక వికటిస్తే ఇచ్చే ఇంజెక్షన్) సిరంజిలో లాగి పెట్టుకుని ఇవ్వాలి. పొడి సీసాలో నీళ్లు కలిపేటప్పుడు గిలకొట్టకుండా అరచేతుల మధ్య మెల్లగా దొర్లించండి, నురగ రాకూడదు.

గర్భిణులు. తుపాను హెచ్చరిక రాగానే డెలివరీ తేదీ దగ్గరపడినవాళ్లను ముందే ఆసుపత్రికి చేర్చడం మన తీరప్రాంతాల్లో చేస్తున్నదే. అయినా ఒకరిద్దరు ఉండిపోతారు. రెండు శుభ్రమైన డెలివరీ కిట్లు, బొడ్డు క్లిప్పులు, పసిబిడ్డ అంబు బ్యాగు (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి), మాస్కు ఎప్పుడూ ఒకేచోట, అందరికీ కనపడేలా ఉంచండి.

ఏడో అడుగు: పాలపొడి డబ్బాలను ఆపండి

ఇది విన్నప్పుడు దాతలు నొచ్చుకుంటారు, అయినా చెప్పాలి. మంచి మనసుతో లారీలో పాలపొడి డబ్బాలు, పాలసీసాలు తెచ్చి అందరు తల్లులకూ పంచుతారు. శుభ్రమైన నీళ్లు లేనిచోట, సీసా మరిగించే పొయ్యి లేనిచోట ఆ పాలే విరేచనాలు తెస్తాయి. నాలుగు రోజులు పోతపాలు పడితే తల్లిపాలూ తగ్గిపోతాయి. శిశు పాల ప్రత్యామ్నాయాలను నియంత్రించే చట్టం 1992 నుంచే ఉంది. డబ్బాలన్నీ మెడికల్ బల్ల వెనక పెట్టించండి. తల్లి లేని బిడ్డకు, పాలు నిజంగా రాని తల్లికి మాత్రమే, గిన్నె చెంచాతో పట్టడం నేర్పి ఇవ్వండి. బాలింతలకు ఒక మూల చీర అడ్డం కట్టి కూర్చునే చోటు చేయండి. భయం వల్ల పాలు కిందికి దిగకపోతే అవి ఎండిపోయినట్టు కాదని, బిడ్డను పట్టిస్తూ ఉంటే మళ్లీ వస్తాయని పక్కన కూర్చుని చెప్పాలి.

ఎనిమిదో అడుగు: రిజిస్టరు

పేరు, వయసు, ఊరు, జబ్బు, ఇచ్చింది, పంపింది. ప్రతి సాయంత్రం విరేచనాలు, జ్వరాలు, కామెర్లు, పాముకాట్లు ఎన్నో విడివిడిగా లెక్కగట్టి పీహెచ్‌సీకి పంపండి. నిన్న 6, ఇవాళ 19 అయితే ఆ 19 మంది ఏ వీధి, ఏ నీళ్లు అన్నది వెంటనే చూడండి. ఒకసారి మా లెక్కలో ఒకే చేతిపంపు చుట్టుపక్కల ఇళ్లే పదేపదే కనిపించాయి. ఆ పంపుకి గోనెసంచి కట్టించాక మూడో రోజుకి విరేచనాల గది ఖాళీ అయింది.

సూదులు, బ్లేడ్లు గట్టి డబ్బాలో, రక్తం అంటిన దూది పసుపు సంచిలో, వాడేసిన ఐవీ సెట్లు ఎర్ర సంచిలో. వరద నీళ్లలోకి ఏదీ విసరకూడదు. రేపు ఆ నీళ్లలోనే జనం చెప్పుల్లేకుండా నడుస్తారు.

తొమ్మిదో అడుగు: మాట

ఇల్లు పోయినవాళ్లతో "ఏం కాదు, అంతా సర్దుకుంటుంది" అనకండి. మనకు తెలియనిది మాట ఇవ్వకూడదు. చూడటం, వినడం, కావలసినదానికి కలపడం, ఈ మూడే మనం చేయగలిగేవి. తప్పిపోయిన కొడుకు గురించి అడిగితే కంట్రోల్ రూమ్‌తో మాట్లాడించండి. రెండు వారాలైనా నిద్ర పట్టనివాళ్లకు, చచ్చిపోవాలనిపిస్తోంది అన్నవాళ్లకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. అలాంటి మాట అన్న మనిషిని ఒంటరిగా వదలొద్దు.

మీ సంగతీ చూసుకోండి. 2024 జులై 30 వయనాడ్ కొండచరియల తర్వాత, నీలగిరి నుంచి వెళ్లిన సబీనా అనే నర్సు పొంగుతున్న ఏరుమీద కట్టిన తాడుకు వేలాడుతూ మందుల పెట్టెతో అవతలి గట్టుకు చేరి గాయపడ్డవాళ్లకు చికిత్స చేశారు. తమిళనాడు ప్రభుత్వం ఆమెకు కల్పనా చావ్లా పురస్కారం ఇచ్చింది. ఆ ధైర్యానికి చేతులెత్తి మొక్కుతాను. ఆమెను దాటించింది శిక్షణ ఉన్న రక్షణ బృందం, సరైన తాళ్లు. పడవలో లైఫ్ జాకెట్ లేకపోతే ఎక్కనని చెప్పే హక్కు మనకుంది, చెప్పాలి. రాత్రి మరుగుదొడ్డికి ఇద్దరు కలిసి వెళ్లండి. 12 గంటలు దాటితే డ్యూటీ మార్చుకోండి. నిద్రలేని చేయి మోతాదు తప్పుతుంది.

పదో అడుగు: తిరిగి రావడం

వచ్చే ముందురోజు రాత్రే హ్యాండోవర్ రాయండి: ఎవరికి ఏ మందు ఎప్పటిదాకా, ఎవరికి ఏ రోజున కుట్లు, ఏ గర్భిణికి ఏ తేదీ, స్టాకులో ఏం మిగిలింది. కార్బన్ కాపీ ఏఎన్ఎం చేతిలో పెట్టి, ఆవిడ ముందే ఒకసారి పైకి చదవండి.

ఇంటికొచ్చాక నెలరోజులు ఒంటిమీద కన్నేసి ఉంచండి. లెప్టోస్పైరోసిస్ బయటపడటానికి 30 రోజుల దాకా పట్టొచ్చు. జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే మామూలు జ్వరమని మాత్ర వేసుకుని ఊరుకోకుండా, "వరద డ్యూటీ చేసొచ్చాను" అని డాక్టరుతో మొదటి మాటగా చెప్పండి. బూట్లు కడిగి ఎండలో పెట్టండి. అయిపోయిన స్ట్రిప్పులు, పెన్సిళ్లు, ప్యాడ్లు ఆ వారంలోనే కొని బ్యాగులో పెట్టి, జిప్ వేసి, మంచం కిందికి తోసేయండి.